సెకండ్స్‌లో సూపర్ కారు: కొనేముందు కొలవాల్సినవి

సెకండ్స్‌లో, అంటే ఇంకొకరు వాడి అమ్మేసిన సూపర్ కారు కొనాలని ఉబలాటపడుతున్న తిరుపతి యువతకు ముందుగా అభినందనలు. ఊళ్లో డ్రైనేజీ, ట్రాఫిక్, వీధికుక్కలు వగైరా చిల్లర సమస్యలన్నీ తీరిపోయాక మనిషన్నవాడికి మిగిలే కొరత ఇదొక్కటే. మా వీధి యువనేత ఆ కొరతా తీర్చేశాడు. బెంగళూరు నుంచి పసుప్పచ్చ ల్యాంబోర్గిని హురకాన్ తెచ్చాడు. ఏమేం చూసుకుని కొన్నావు నాయనా అని అడిగితే "కలర్ చూసినాన్నా" అన్నాడు. మిగతావి మీరైనా చూసుకుంటారని, ప్రజాహితార్థం ఈ నాలుగు ముక్కలు.

ముందు ఆ బండిని ఎక్కడ తోలతారో తేల్చుకోండి. 5.2 లీటర్ల, పది సిలిండర్ల వీ10 ఇంజను, 610 గుర్రాల బలం, సున్నా నుంచి వందకు 3.2 సెకన్లు. గంటకు 325 కిలోమీటర్లు పోతుందట. పోనీ. అలిపిరి నుంచి కొండెక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని దేవస్థానం వారి నిబంధన. అంటే 610 గుర్రాలనూ కళ్లెం పట్టుకుని నడిపించుకుంటూ, ముందు సప్తగిరి బస్సు పొగ పీలుస్తూ, 1944 నాటి ఘాట్ రోడ్డు మీద మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగాలి. స్వామి సన్నిధిలో ధనిక పేద తేడా లేదనేవాళ్లు కదా, దర్శనం క్యూ సంగతి నాకు తెలీదు గానీ ఘాట్ రోడ్డు మీద మాత్రం అది నిజం.

తర్వాత కాగితాలు. నంబరు ప్లేటు మీద 'పీవై' అని కనిపిస్తే ఆ కారు పుదుచ్చేరి సముద్రం చూసిందని అనుకోకండి. పన్ను తక్కువని అక్కడో చిరునామా పుట్టించి రిజిస్టర్ చేయించిన బాపతు చాలానే ఉంటాయి. ఫారం 28 మీద పాత ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, పేరు మార్పిడికి 29, 30 మీద సంతకాలు, లోను ఉంటే తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే 35, ఇవన్నీ చేతికొచ్చాకే డబ్బు బయటికి తీయండి. బయటి రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మన నంబరు వేయించుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ మాట విన్న దగ్గర్నుంచి ఎందరికో పుదుచ్చేరి మీద ఎక్కడలేని భక్తి పుడుతుంది. దిగుమతి లెక్క చూపే కస్టమ్స్ వారి కాగితం, బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా అడగండి. మళ్లీ తీసుకుపోతామని సుంకం లేకుండా తెచ్చుకునే అనుమతి కాగితం, కార్నెట్ మీద తాత్కాలికంగా దేశంలోకి వచ్చి, సుంకం ఎగ్గొట్టి ఇక్కడే కాపురం పెట్టిన బళ్లున్నాయి. సుంకం ఎగవేతలు పట్టే డీఆర్‌ఐ వాళ్లు ఒకరోజు ఇంటికొచ్చి దాన్ని పట్టుకుపోతే మీకు మిగిలేది తాళంచెవి.

బండి చూడ్డానికి పోయినప్పుడు సీటు బెల్టు చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ ఆఖరి జానెడు మీద ఎండిన బురద చార కనిపిస్తే, 2015 డిసెంబర్ వరదలప్పుడు ఆ కారు చెన్నైలో ఎక్కడుందో నిదానంగా అడగండి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 3516 అంటే 2016లో 35వ వారం తయారీ. అరగలేదు కదా అని మురిసిపోకండి, ఊరికే నిలబడ్డా రబ్బరు గట్టిపడుతుంది. కార్బన్ సిరామిక్ బ్రేకు డిస్కులు నాలుగూ మార్చే ఖర్చుతో ఇంటిల్లిపాదీ పట్టే కొత్త కారే వస్తుంది. ల్యాంబోర్గినిలోనే పాత మోడల్ గల్లార్డో, అందులోనూ క్లచ్ పెడల్ లేని ఇ-గేర్ రకం అయితే క్లచ్ ఎంత మిగిలిందో కంప్యూటర్ పెట్టి చూపించమనండి. ఇక కొన్ని పాత ఫెరారీల్లో మీటల మీది పూత వేడికి కరిగి బంకవుతుంది. మన రేణిగుంట మే ఎండలో పెడితే ఏసీ నొక్కిన వేలు పనసకాయ కోసిన చెయ్యిలా అంటుకుపోతుంది.

"ఆరువేలే తిరిగిందన్నా, డాక్టర్ గారి బండి" అంటాడు బ్రోకర్. అది మాత్రం నమ్మొచ్చు. ఏ చిన్న రిపేరొచ్చినా ఇలాంటి బండి తిరుపతి నుంచి బెంగళూరుకు లారీ ఎక్కి పోవాలి, లారీ ఎక్కి రావాలి. తిరిగేదంతా లారీ, మీటరు ఎందుకు కదుల్తుంది?

ఇందులో ఒక్క సౌకర్యం ఉంది, సీట్లు రెండే. తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి దర్శనం చుట్టాల బాధ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. రైల్వేస్టేషన్‌కి కారు పంపించరా అని గుండుతో, లడ్డూ సంచులతో ఆరుగురు ఫోన్ చేసినప్పుడు ఈ బండి ఫోటో పంపితే చాలు.

అసలు సంగతికొస్తాను. మా వీధిలో మున్సిపల్ బడి ఉంది, బడి ముందు స్పీడ్ బ్రేకర్ ఉండేది. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో సాఫీగా ఉండాలి. మాది వేసిన కంట్రాక్టర్ ఏ కాంగ్రెస్‌లోనూ లేడు కాబట్టి ఎత్తు ఆయన ఇష్టం, వెడల్పు సిమెంటు ఉన్నంత. హురకాన్‌కీ నేలకీ మధ్య సందు ఐదంగుళాలు. ముక్కు పైకి లేపే ఏర్పాటు ఉంటుంది గానీ దానికి వేరే డబ్బు కట్టాలి, మొదటి ఓనర్ కట్టలేదు. మనవాడు చూడలేదు. కలర్ చూశాడు కదా.

మొదటిరోజు సాయంత్రం బండి బ్రేకర్ ముందాగింది. నలుగురు అనుచరులు స్కూటర్లు దిగారు. ఒకడు రోడ్డు మీద బోర్లా పడుకుని, చెంప తారుకి ఆనించి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. "రానీ... రానీ... రానీ... ఆపునా!" ఇంకొకడు చక్రాల కింద ప్లైవుడ్ ముక్కలు సర్దుతున్నాడు. మూడోవాడు "ఏటవాలుగా రా అన్నా, ఏటవాలుగా!" అని అరిచాడు. ఏటవాలుగా వచ్చేసరికి కారు వీధికి అడ్డంగా నిలబడింది. వెనక నీళ్ల ట్యాంకరు, దాని వెనక ఆటోలు, ఆటోల్లో రైలుకు టైమైపోతున్న యాత్రికులు. కొత్త గుండు పెద్దాయన ఒకరు దిగొచ్చి "ఏమైంది బాబూ, యాక్సిడెంటా?" అన్నారు. "కాదు తాతా, బ్రేకర్ దాటతాండాం" అన్నాడు నాలుగోవాడు, శస్త్రచికిత్స గది బయట నిలబడ్డ గొంతుతో. ఇస్త్రీ బండామె "నలుగురుండారు గదరా, ఎత్తుకోని పోండి" అని సలహా ఇచ్చింది. అది వినుంటే బాగుండేది. కర్ర్‌మని శబ్దం. వీధంతా గప్‌చుప్. కింద పడుకున్నవాడు లేవకుండానే "కొంచెమేన్నా... కొంచెమే గీసుకునింది" అన్నాడు.

ల్యాంబోర్గిని అనే ఆ ఇటలీ ఆసామి 1948లో ట్రాక్టర్లు మొదలుపెట్టి, 1963లో కార్ల కంపెనీ పెట్టాడు. ట్రాక్టర్లతోనే ఆగుంటే మా వీధికి ఈ గతి పట్టేది కాదు.

మూడోనాడు తెల్లారేసరికి బ్రేకర్ లేదు. రాత్రి జేసీబీ వచ్చి చెక్కేసి పోయింది. ఎవరు పంపారో ఎవరికీ తెలీదంట.

ఆ బ్రేకర్ ఊరికే రాలేదు. మూడో క్లాసు పిల్ల బడి వదిలాక రోడ్డు దాటుతుంటే బైకు గుద్ది కాలు విరిగింది. ఆ తర్వాత తల్లులు కూలి మానుకుని అర్జీలు పట్టుకుని తిరిగారు. ఎస్టిమేట్ వేయాలన్నారు, సారు క్యాంపులో ఉండారన్నారు, మీ వీధి ఈ లిస్టులో లేదన్నారు. ఏడాది పైన తిప్పించుకున్నారు. తీసేయడానికి ఏ ఎస్టిమేట్ వేశారయ్యా? ఏ లిస్టులో ఉండింది? అర్ధరాత్రి జేసీబీ దానంతటదే స్టార్టయి వచ్చిందా? బండి ముక్కు గీసుకుంటే రాత్రికి రాత్రి ఊరు కదిలింది. పిల్ల కాలు విరిగినప్పుడు ఒక్కడంటే ఒక్కడు కుర్చీలోంచి లేవలేదు. సిగ్గు లేదా మీకు? మొన్న అడగబోయిన వాళ్లమ్మతో "అభివృద్ధికి అడ్డం పడొద్దమ్మా" అన్నాడట అనుచరుడు. గీతలు పడిన బంపరా అభివృద్ధి?

బండిని ఇప్పుడు అమ్మకానికి పెట్టారు. సింగిల్ ఓనర్ అని చెబుతారు, ఆర్‌సీ చూడండి. రంగేసి ఉంటారు కాబట్టి పైన చూసి లాభం లేదు, లిఫ్టు మీద ఎక్కించి ముక్కు కింద చెయ్యి పెట్టి తడమండి. తోలి చూస్తానంటే మాత్రం ఐదు దాటాక రండి. నాలుగింటికి బడి వదుల్తారు.