సర్ఫ్‌సైడ్‌లో పోయిన 98 ప్రాణాలు పిసినారితనం వల్ల పోలేదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న మళ్లీ ఆ మెసేజ్ వచ్చింది. ఇప్పటికి నాలుగు గ్రూపుల్లో చూశాను. ఫ్లోరిడాలో సముద్రం ఒడ్డున 12 అంతస్తుల బిల్డింగ్ కూలి 98 మంది చనిపోయారు, కూలిపోతుందని ఇంజినీరు మూడేళ్ల ముందే రాసిచ్చాడు, అక్కడున్న కోటీశ్వరులు రిపేరుకి పైసా తియ్యలేదు, కాంక్రీటు ఆయుష్షు ఎలాగూ 40 ఏళ్లే, పైగా ఉప్పుగాలి, కాబట్టి చేజేతులా ప్రాణాలు తీసుకున్నారు. ఇదీ అందులో ఉన్నది.

ఈసారి అది ఎవరికోసం పెట్టారో మా గ్రూపులో అందరికీ తెలుసు. మాది వైజాగ్‌లో సముద్రానికి దగ్గర్లో ఉన్న 32 ఫ్లాట్ల బిల్డింగ్, నేను అసోసియేషన్ ట్రెజరర్‌ని. సెల్లార్ స్లాబు పెచ్చులూడుతోంది, చువ్వలు కనపడుతున్నాయి. రిపేరుకి ఫ్లాటుకి 60 వేలు అనుకున్నాం. రెండో అంతస్తులో పింఛను మీద బతికే మామ్మగారు ఒక్కసారే అంత ఇవ్వలేనన్నారు. ఆ మర్నాడే ఈ మెసేజ్ పడింది. ఆవిడ చదివి గ్రూపులోంచి వెళ్లిపోయారు. రిపేరు చెయ్యాలని అందరికంటే గట్టిగా అంటున్నది నేనే. అయినా ఆ మెసేజ్‌లో ఉన్నది చాలావరకు తప్పు, అందుకే ఒక్కొక్కటీ తీసుకుని చెబుతాను.

ముందు ఇంజినీరు సంగతి. ఆ బిల్డింగ్ పేరు చాంప్లెయిన్ టవర్స్ సౌత్, మయామీ పక్కన సర్ఫ్‌సైడ్ అనే చిన్న టౌన్‌లో ఉండేది. 1981లో కట్టారు, 136 ఫ్లాట్లు. 2021 జూన్ 24న, అర్ధరాత్రి దాటాక 1:22 ప్రాంతంలో సగానికి పైగా కూలిపోయింది. దాని గురించి ఒక ఇంజినీరింగ్ సంస్థ 2018 అక్టోబరులో రిపోర్టు ఇచ్చిన మాట నిజం. స్విమ్మింగ్ పూల్ పక్కనున్న డెక్ (కింది పార్కింగుకి పైకప్పుగా ఉండే ఆరుబయటి స్లాబు) కింద వాటర్‌ప్రూఫింగ్ పాడైపోయిందని, డెక్‌కి వాలు పెట్టకుండా బల్లపరుపుగా కట్టడం వల్ల నీళ్లు పోయే దారి లేక నిలిచిపోతున్నాయని, కింద స్లాబు తీవ్రంగా దెబ్బతిందని, త్వరగా బాగుచెయ్యకపోతే నష్టం చాలా వేగంగా పెరుగుతుందని అందులో ఉంది. ఇది చిన్న విషయమని నేననను. కానీ బిల్డింగ్ కూలిపోతుందని మాత్రం అందులో లేదు. ఖాళీ చెయ్యమనీ లేదు. సుమారు 91 లక్షల డాలర్ల రిపేరు పనుల అంచనా మాత్రం వచ్చింది.

ఆ తర్వాత నెల జరిగింది ఈ మెసేజ్ రాసినవాళ్లకి తెలియదో, తెలిసి వదిలేశారో. నవంబరులో ఫ్లాట్ల ఓనర్ల మీటింగుకి టౌన్ బిల్డింగ్ అధికారి వచ్చాడు. రిపోర్టు అప్పటికే ఆయనకి పంపారు. మీ బిల్డింగ్ చాలా మంచి స్థితిలో ఉందని ఆయన చెప్పినట్టు ఆ మీటింగు మినిట్స్‌లో ఉంది. మనం అక్కడ కూర్చుని ఉంటే ఏం చేసేవాళ్లం? ఇంజినీరింగ్ భాషలో ఉన్న రిపోర్టు ఒకవైపు, ప్రభుత్వ మనిషి ఎదురుగా నిలబడి భయం లేదంటున్న మాట ఒకవైపు. మా అపార్ట్‌మెంట్లో అయితే ఆ రాత్రి అందరూ హాయిగా నిద్రపోయేవాళ్లు. నేను కూడా.

ఇక డబ్బు కట్టలేదన్న మాట. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. రిపోర్టు వచ్చాక రెండున్నరేళ్లు గడిచిపోయాయి. 2019లో గొడవలు ముదిరి ఏడుగురు బోర్డు సభ్యుల్లో ఐదుగురు కొన్ని వారాల్లోనే రాజీనామా చేశారు. పెద్ద రిపేర్లకని అసోసియేషన్ దాచే రిజర్వు నిధిలో పది లక్షల డాలర్లు కూడా లేవు. ఏళ్ల తరబడి నెలనెలా తక్కువ కట్టుకుంటూ వచ్చిన ఫలితం అది, దాన్ని కాదనను. కానీ పైసా తియ్యలేదన్నది అబద్ధం. 2021 ఏప్రిల్‌లో బోర్డు అధ్యక్షురాలు ఓనర్లకి ఉత్తరం రాశారు, 2018 నుంచి కాంక్రీటు దెబ్బతినడం ఇంకా పెరిగిందని, మొత్తం ఖర్చు కోటిన్నర డాలర్లని. ఆ వసూలుకి ఆమోదం కూడా వచ్చింది. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకి సుమారు 80 వేల డాలర్లు, పైన పెంట్‌హౌస్‌కి 3 లక్షల 36 వేలు. మన డబ్బుల్లో చిన్న ఫ్లాటుకే దాదాపు 60 లక్షలు. ఒక్కసారే కట్టలేనివాళ్లకి 15 ఏళ్ల వాయిదాలు పెట్టారు. కట్టడం మొదలవ్వాల్సిన రోజు జులై 1. బిల్డింగ్ కూలింది జూన్ 24. పైకప్పు పని అప్పటికే మొదలైంది కూడా. మధ్యలో ఒక్క వారం. దీన్ని పట్టుకుని డబ్బు తియ్యలేదని రాయడానికి చెయ్యి ఎలా వచ్చిందో.

కోటీశ్వరులన్న మాట కూడా సరి కాదు. ఖరీదైన ఫ్లాట్లు ఉన్నాయి, నిజమే. కానీ ఎప్పుడో కొనుక్కుని రిటైరై అక్కడే ఉండిపోయిన ముసలివాళ్లు ఉన్నారు, అద్దెకున్నవాళ్లు ఉన్నారు, ఆ రాత్రి చుట్టపుచూపుగా వచ్చి పడుకున్నవాళ్లు ఉన్నారు, చిన్నపిల్లలున్నారు. మన దేశం మూలాలున్న కుటుంబం కూడా ఆ 98 మందిలో ఉంది. వీళ్లలో ఎంతమందికి మీటింగులో ఓటుంది? 2023 మే నెలలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో ఒక పాత ఆరంతస్తుల బిల్డింగ్ కొంత కూలి ముగ్గురు చనిపోయారు. అక్కడ ఉన్నవాళ్లంతా అద్దెవాళ్లే, గోడ సంగతి ముందే మొత్తుకున్నారు. అక్కడ పిసినారితనం ఎవరిదని రాస్తారు?

నిధి ఎందుకు లేదో కూడా చెప్పాలి. ఓనర్లలో ఎక్కువమంది చేతులెత్తితే ఆ ఏడాదికి రిజర్వు నిధి కట్టక్కర్లేదని ఫ్లోరిడా చట్టమే వెసులుబాటు ఇచ్చింది. 2008లో ఒక చట్టం వచ్చింది, ఐదేళ్లకోసారి ఇంజినీరో ఆర్కిటెక్టో బిల్డింగ్ చూసి రాబోయే రిపేర్లకి ఎంతవుతుందో రాయాలని. ఖర్చు భారమన్న కారణంతో 2010లో దాన్ని తీసేశారు. వద్దనుకుంటే మానెయ్యొచ్చని చట్టమే చెప్పినప్పుడు వద్దనేవాళ్లే ఎక్కువమంది ఉంటారు, అసోసియేషన్ లెక్కలు రాసేవాళ్లని ఎవర్నడిగినా చెబుతారు. మా కార్పస్ ఫండ్ కూడా మూడేళ్ల కింద రంగులకి ఖర్చయిపోయింది, అప్పుడు సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

రిపేరు చేయించి ఉంటే నిలబడేది కదా అంటారు. ఈ ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది. ఈ ప్రమాదం మీద దర్యాప్తు చేపట్టింది నిస్ట్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ, న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలినప్పుడు దర్యాప్తు చేసింది కూడా వీళ్లే. వీళ్లు 2023 జూన్‌లో బయటపెట్టిన విషయాలు ఒకసారి చదవండి. పూల్ డెక్ డిజైనే ఆనాటి బిల్డింగ్ నియమాలకి తగ్గట్టు లేదు. అన్నిటికంటే బలహీనంగా ఉన్న చోట్ల, ఉండాల్సిన బలంలో సగమే ఉంది. అంటే తుప్పు పట్టకముందే, నీళ్లు దిగకముందే, 1981లో తాళాలు ఇచ్చిన రోజుకే అది సగం బలంతో ఉంది. దానిపైన తర్వాత ఇసుక పోసి పలకలు పరిచారు, మొదటి డిజైన్‌లో లేని మొక్కల తొట్లు బరువుగా పెట్టారు. పై నుంచి బరువు పెరుగుతోంది, కింద చువ్వలు తుప్పు పడుతున్నాయి.

అలాంటి స్లాబు వంగి వంగి హెచ్చరించి పడదు. పిల్లరు దగ్గర స్లాబు చిరిగిపోతుంది, కాగితంలోంచి పెన్సిల్ దిగినట్టు పిల్లరు నిలబడే ఉంటుంది, చుట్టూ ఉన్న స్లాబు ఒక్కసారిగా కిందకి జారుతుంది. ఒక చోట జారితే ఆ బరువు పక్క పిల్లరు మీద పడుతుంది. ఆ రాత్రి ముందు పడింది డెక్కే. కొన్ని నిమిషాల తర్వాత బిల్డింగ్ పడింది. ఈ లోపం 2018 రిపోర్టులో లేదు. అందులో డిజైన్ తప్పని రాసింది వాలు లేకపోవడం గురించి, స్లాబు బలం సగమే ఉందని కాదు. కాబట్టి ఆ 91 లక్షలు మర్నాడే కట్టేసినా వాటర్‌ప్రూఫింగ్ మారేది, పెచ్చులూడిన చోట పూడ్చేవారు. ఆ సగం బలం సంగతి ఎవరైనా పట్టుకునేవారా అన్నది ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అలాంటప్పుడు డబ్బిస్తే బతికేవారు అని అంత ధైర్యంగా ఎలా రాస్తాం? నేరం ఆ డిజైన్ గీసినవాడిది, దానికి ఆమోదముద్ర వేసినవాడిది. వాళ్ల గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

కాంక్రీటు ఆయుష్షు 40 ఏళ్లే అన్నది అసలు లెక్కే కాదు. మయామీ ప్రాంతంలో 40 ఏళ్లు నిండిన బిల్డింగ్‌ని మళ్లీ పరీక్ష చేయించాలన్న నియమం ఉండేది, 1974లో మయామీలో ఒక ఆఫీసు బిల్డింగ్ కూలి ఏడుగురు పోయాక వచ్చింది అది. ఆ పరీక్ష వయసుని మనవాళ్లు చావు వయసు చేసేశారు. అదే వీధిలో, అదే రోజుల్లో, అదే బిల్డర్ కట్టిన చాంప్లెయిన్ టవర్స్ నార్త్ అనే బిల్డింగ్, ఈ సౌత్ కూలిన తర్వాత కూడా నిలబడే ఉంది. అదే ఉప్పుగాలి, అదే సముద్రం. ఉప్పు చువ్వ దాకా చేరితే తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది, అది మన బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఎవరికైనా తెలుసు. కానీ దానికి నలభయ్యేళ్లూ అక్కర్లేదు, సముద్రమూ అక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లో చింటెల్స్ పారడిసోలో 18 అంతస్తుల టవర్‌లో స్లాబులు ఒకదాని మీద ఒకటి పడి ఇద్దరు చనిపోయారు. జనం చేరి కొన్నేళ్లే అయింది. ఐఐటీ ఢిల్లీ వాళ్లు పరీక్షిస్తే కాంక్రీటులోనే క్లోరైడ్లు, అంటే చువ్వలకి తుప్పు పట్టించే ఉప్పు పదార్థాలు, బయటపడ్డాయి. సముద్రం అక్కడికి ఎన్ని వందల కిలోమీటర్లు?

భూమి కుంగి కూలిందని ఇంకో రకం మెసేజ్ ఉంది. 1990లలో అక్కడ నేల ఏడాదికి 2 మిల్లీమీటర్ల చొప్పున దిగిందని ఒక యూనివర్సిటీ అధ్యయనం చెప్పింది నిజమే, కానీ నిస్ట్ వాళ్లు కింద రాయిని, పునాదుల్ని పరీక్షించి దాన్ని అసలు కారణాల్లో చేర్చలేదు. అంతకంటే చెప్పడానికి అందులో ఏమీ లేదు.

చివరగా, ఫ్లాట్ల ఓనర్లదే తప్పయితే, బాధితుల తరఫున వేసిన కేసులో 2022లో వచ్చిన సెటిల్‌మెంటు సంగతేమిటి? 100 కోట్ల డాలర్లకి పైగా. ఆ డబ్బు కట్టినవాళ్లలో 2018 రిపోర్టు ఇచ్చిన ఇంజినీరింగ్ సంస్థ ఉంది, పక్కనే టవర్ కట్టిన డెవలపర్లు ఉన్నారు, అసోసియేషన్ తరఫు లాయర్ల సంస్థ ఉంది, వీటి ఇన్సూరెన్స్ కంపెనీలున్నాయి. తప్పు ఒప్పుకుని కట్టలేదు, అది కూడా చెప్పాలి. అన్నిటికంటే పెద్ద వాటా సెక్యూరిటీ సంస్థ తరఫున వచ్చింది. డెక్ పడ్డాక బిల్డింగ్ పడే లోపు కొన్ని నిమిషాలు దొరికాయి. అన్ని ఫ్లాట్లకీ ఒకేసారి వినపడే అలారం ఆ బిల్డింగ్‌లో ఉంది. అది మోగలేదు. ఆ బటన్ సంగతి తనకి నేర్పలేదని డ్యూటీలో ఉన్న గార్డు చెప్పింది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే ఉండిపోయారు. నేను ఈ ఒక్క విషయం దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను.

కూలాక ఫ్లోరిడా 2022లో చట్టం మార్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్నవాటికి 30 ఏళ్లకి, సముద్రానికి దగ్గరైతే 25 ఏళ్లకే పరీక్ష పెట్టాలంది, రిజర్వు నిధి వద్దనుకునే వీలు తీసేసింది. మంచిదే. కానీ ఏళ్లతరబడి కట్టనిదంతా ఒక్కసారి మీద పడేసరికి పింఛన్లమీద బతికే ముసలివాళ్లు ఫ్లాట్లు అమ్ముకోవాల్సి వచ్చింది. చివరికి 2025లో గడువు పెంచి, అసోసియేషన్లు అప్పు తెచ్చుకుని కట్టొచ్చని సడలించారు. డబ్బు లేనివాళ్లని తిట్టినంత మాత్రాన స్లాబు గట్టిపడదని ఆ చట్టం చేసినవాళ్లకి అర్థమవడానికి మూడేళ్లు పట్టింది.

మా సంగతి. మామ్మగారికి నెలకి 2,500 చొప్పున 24 నెలలు పెట్టాం, అంతవరకు ఆ డబ్బు అసోసియేషన్ సర్దుతుంది. ఆవిడింటికి వెళ్లి చెప్పి వచ్చాను. ఆ మెసేజ్ పెట్టిన మాస్టారు కూడా నాతో వచ్చారు, ఆయన మీద నాకు కోపం లేదు. రిపేరు కాంట్రాక్టరు కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిచాం. ఆయన సెల్లారంతా తిరిగి, పిల్లర్ల దగ్గర చెయ్యి పెట్టి చూసి, మొదట అడిగింది బిల్డింగ్ డ్రాయింగులు. మా దగ్గర లేవు. బిల్డర్ దగ్గరా లేవట. కార్పొరేషన్‌లో కాపీ కోసం అర్జీ పెట్టాను. మా సెల్లార్ స్లాబు పైన మొక్కల తొట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమని కూడా చెప్పాడు, నిన్న లెక్కపెట్టాం, నలభై ఒకటి.