ఆ చిన్న మెరుపు తేనెటీగకు తొందరపడి పేరు పెట్టకండి

మొన్న ఒక ఫొటో చూశాను. పసుపు పువ్వు మీద వాలిన చిన్న తేనెటీగ. ఒంటి మీద పచ్చ, ఇత్తడి కలిసిన మెరుపు. కొంచెం మసకగా ఉన్నా ముచ్చటగా ఉంది. "ఇదేంటో ఎవరైనా చెప్తారా?" అని ఫొటో తీసినావిడ అడిగింది. రెండు నిమిషాల్లో ఒకాయన జవాబు పెట్టేశాడు. ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు), జాతి రెండూ కలిపి పూర్తి లాటిన్ పేరు. ఎలా గుర్తుపట్టారండీ అని అడిగితే, ఫొటో చూసి పేరు చెప్పే యాప్ చూపించిందన్నాడు. ఈ ఫొటోలో జాతి దాకా వెళ్లేంత ఆధారం కనబడటం లేదు, ప్రజాతి దగ్గర ఆగుదాం అని రాశాను. ఆయనకు కోపం వచ్చింది. "మీకు తెలియకపోతే ఊరుకోండి, తెలిసినవాళ్లని చెప్పనివ్వండి" అన్నాడు.

ఆ మాట నాలుగు రోజులుగా మనసులోంచి పోవటం లేదు. ఆగమన్నది నాకు తెలియక కాదు. ఈ చిన్న ప్రాణులతో కొన్నేళ్లుగా కుస్తీ పడుతున్నాను కాబట్టి, ఎక్కడ ఆగాలో కొంచెం తెలిసి అన్నాను. ఆ సంగతేంటో వివరంగా రాద్దామనిపించింది. పొడుగు పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

ఇవి హాలిక్టిడే అనే కుటుంబానికి చెందిన తేనెటీగలు. ఇంగ్లీషులో స్వెట్ బీ అంటారు, అంటే చెమట తేనెటీగ. ఎండలో పని చేస్తుంటే ముంజేతి మీద బియ్యపు గింజంత ప్రాణి ఒకటి వచ్చి వాలుతుంది. చాలామంది ఈగ అనుకుని చటుక్కున కొట్టేస్తారు. కొట్టకుండా ఒక్క నిమిషం చెయ్యి కదపకుండా ఉంచి చూడండి. సన్నటి నాలుక బయటికి తీసి చర్మం మీద తడిని తాకిస్తుంది, కాస్త జరుగుతుంది, మళ్లీ తాకిస్తుంది. చెమటలోని ఉప్పు కోసం దాని తిప్పలు. వేలితో నొక్కేస్తే తప్ప కుట్టదు, కుట్టినా ఆ నొప్పి ఎక్కువసేపు ఉండదు. తేనెటీగ అని పిలుస్తాం కానీ ఇవి తేనె పట్టు పెట్టవు. చాలావరకు నేలలో సన్నటి సొరంగం తవ్వుకుని, పుప్పొడి, మకరందం కలిపి చిన్న ముద్ద చేసి, దాని మీద గుడ్డు పెడతాయి. పిల్ల పెరిగి రెక్కలొచ్చేదాకా దానికి ఆ ఒక్క ముద్దే ఆహారం.

ఇక పేరు సంగతి. ప్రపంచంలో తేనెటీగల జాతులు 20,000కి పైగా ఉన్నాయి. హాలిక్టిడే ఒక్క కుటుంబంలోనే 4,000కి పైగా. అందులో లాసియోగ్లాసమ్ అనే ఒక్క ప్రజాతిలో 1,700 దాటాయి. తేనెటీగల్లో అంతకంటే పెద్ద ప్రజాతి లేదు. దాని లోపల డయాలిక్టస్ అనే ఉపప్రజాతి ఉంది. మనం ఫొటోల్లో చూసి మురిసిపోయే చిన్న మెరుపు తేనెటీగలు చాలావరకు అందులోవే. వందల జాతులు, దాదాపు ఒకే సైజు, ఒకే తరహా మెరుపు. దశాబ్దాలుగా తేనెటీగలే లోకంగా బతికినవాళ్లు కూడా డయాలిక్టస్‌లను గుచ్చి దాచిన పెట్టె ముందుకొచ్చేసరికి నిట్టూరుస్తారు.

అసలు రంగును నమ్ముకోవడంలోనే తప్పు మొదలవుతుంది. "పచ్చగా ఉంది కాబట్టి ఫలానా" అని రాస్తుంటారు. ఆ మెరుపు రంగు పూసినట్టు వచ్చింది కాదు. పైపెంకులోని పల్చటి పొరల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల పుట్టేది. నెమలి పింఛం సంగతీ ఇలాంటిదే. అందుకే ఒకే ప్రాణి పొద్దున నీలంగా, మధ్యాహ్నం పచ్చగా, ఫ్లాష్ వేస్తే రాగిలా కనబడుతుంది. నేను ఒకే ఆడ తేనెటీగను లెన్స్ కింద పెట్టి దీపాన్ని అటు నుంచి ఇటు తిప్పి చూశాను. ఉరం మీద, అంటే రెక్కలూ కాళ్లూ ఉండే నడిమి భాగం మీద, ఆకుపచ్చ మెల్లగా జరిగి నీలంలోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి రంగు మాట మొదట ఎత్తడం మానేశాను.

మరి దేన్ని చూడాలి? ముందు అది తేనెటీగేనా అన్నది తేలాలి. రెండే రెక్కలు, పొట్టి మీసాలు, తల నిండా కళ్లు ఉంటే అది ఈగ. తేనెటీగకు నాలుగు రెక్కలు, మోచెయ్యి వంచినట్టుండే మీసాలు. తళతళలాడే కందిరీగలు కూడా ఉన్నాయి, ఒంటి నిండా గరుకు గుంటలతో ముట్టుకుంటే ఉండలా ముడుచుకుపోతాయి.

తర్వాత ఎక్కువగా పొరబడేది సెరటీనా అనే వేరే ప్రజాతి తేనెటీగల దగ్గర. అవీ చిన్నవే, ముదురు నీలం లేదా పచ్చ మెరుపుతో ఉంటాయి. కానీ ఒంటి మీద వెంట్రుకలు బాగా తక్కువ, పొట్ట చివరికి వచ్చేసరికి గద ఆకారంలో లావెక్కుతుంది, చాలావాటికి మొహం మీద తెల్లటి లేదా పసుపు మచ్చ ఉంటుంది. ఇవి ఎండిన పుల్లల్లో మెత్తటి దవ్వను తొలిచి గూడు పెడతాయి. రెక్క సరిగ్గా కనిపిస్తే ఇంకా తేలిక. ఆకుకు ఉన్నట్టే రెక్కలోనూ ఈనెలు ఉంటాయి. చెమట తేనెటీగ ముందు రెక్కలో మొదటి వైపున్న ఒక ఈనె విల్లులా గట్టిగా వంగి ఉంటుంది, సెరటీనాలో అది దాదాపు తిన్నగా ఉంటుంది. ఆ వంపును మొదటిసారి నా కళ్లతో నేను పట్టుకున్న రోజు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా అన్నీ "చిన్న పచ్చ తేనెటీగలే", ఆ రోజు నుంచి రెండు వేరువేరు లోకాలయ్యాయి.

చెమట తేనెటీగల్లోనే హాలిక్టస్ అని ఇంకో ప్రజాతి ఉంది. దానికీ లాసియోగ్లాసమ్‌కీ తేడా ఇంకా అందంగా ఉంటుంది. పొట్ట మీద అడ్డంగా తెల్లటి వెంట్రుకల పట్టీలు చూసే ఉంటారు. పొట్ట ఉంగరాల్లాంటి ఖండాలుగా ఉంటుంది. ఆ పట్టీలు ప్రతి ఖండానికి వెనక అంచున ఉంటే హాలిక్టస్. ఖండం మొదట్లో, ముందున్న ఖండం కిందనుంచి తొంగి చూస్తున్నట్టు ఉంటే లాసియోగ్లాసమ్. పైగా లాసియోగ్లాసమ్ ఆడవాటి రెక్కలో బయటి వైపు ఈనెలు పెన్సిల్‌తో గీసి సగం చెరిపేసినట్టు సన్నగా ఉంటాయి. మంచి ఫొటో ఉంటే ఇక్కడి దాకా రావచ్చు. ఇక్కడి దాకా రావడమే పెద్ద పని.

ఆ తర్వాత అడ్డుగోడ. డయాలిక్టస్‌లో ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరు చేసేవి ఏంటో వింటే ఫొటో చూసి పేరు ఎందుకు చెప్పకూడదో మీకే అర్థమవుతుంది. ఉరం పైభాగంలో సూదితో పొడిచినట్టు గుంటలు ఉంటాయి. అవి ఎంత దగ్గరగా ఉన్నాయి, రెండు గుంటల మధ్య జాగా అద్దంలా నున్నగా ఉందా, సన్నటి వల అల్లినట్టు మసకగా ఉందా అన్నది చూడాలి. రెక్క మొదట్లో భుజం మీద చిన్న పలక ఉంటుంది, టెగ్యులా అంటారు. అది కోడిగుడ్డు ఆకారమా, వెనక లోపలి వైపు కోణం తిరిగిందా చూడాలి. తల పొడుగెంత, వెడల్పెంత కొలవాలి. పొట్ట మొదటి ఖండం ముందువైపు విసనకర్రలా పరుచుకున్న వెంట్రుకలు పూర్తిగా ఉన్నాయా, పైన మధ్యలో ఖాళీ ఉందా చూడాలి. ఇదంతా అయిదారు మిల్లీమీటర్ల ప్రాణి మీద. పువ్వు మీద కదులుతున్న దానికి ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోలో ఇవేవీ ఉండవు. ఫొటోలో లేనిదాన్ని యాప్ మాత్రం ఎక్కడ చూసి చెప్తుంది?

భుజం పలక అన్నాను కదా, దానికో కథ ఉంది. ఉత్తర అమెరికాలో టెగ్యులారే అనే డయాలిక్టస్ జాతిని చాలా విస్తారంగా ఉండే ఒకే జాతి అనుకునేవాళ్లు. పెద్ద పలక కనబడితే చాలు, ఆ పేరు రాసేసేవాళ్లు. జేసన్ గిబ్స్ అనే శాస్త్రవేత్త 2009లో రూపాన్నీ డీఎన్ఏనీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఒక్క పేరు కింద పలు జాతులు దాగి ఉన్నాయని తేలింది. ఆయనే 2011లో ఉత్తర అమెరికా తూర్పు భాగపు డయాలిక్టస్ జాతుల వర్గీకరణ మొత్తాన్ని తిరగరాశాడు. అప్పుడు కొత్తగా పేరు పెట్టిన వాటిలో గాథమ్ అనే జాతి న్యూయార్క్ నగరంలో తిరుగుతున్నదే. కోట్ల కళ్లున్న మహానగరం మధ్య, పువ్వుల మీద ఎగురుతూ, పేరు లేకుండా ఉంది. అలాంటి గుంపులో మసక ఫొటో చూసి రెండు నిమిషాల్లో జాతి తేల్చేస్తే ఎలా ఒప్పుకోమంటారు?

"పేరు తప్పయితే ఏమవుతుంది, ఏదో ఒక తేనెటీగేగా" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. ఈ ప్రశ్న వింటే నాకు నిజంగా బాధేస్తుంది. అచ్చం ఒకేలా కనిపించే ఈ ప్రాణుల బతుకులు ఒకటి కావు. డయాలిక్టస్‌లో ఒంటరిగా గూడు తవ్వుకుని ఒంటరిగా పిల్లల్ని సాకేవి ఉన్నాయి. తల్లీ కూతుళ్లు కలిసి, రాణి, పనివాళ్లు అన్న తేడాతో కాపురం చేసేవి ఉన్నాయి. సొంతంగా పుప్పొడి మోయకుండా ఇంకో జాతి గూట్లోకి దూరి గుడ్డు పెట్టేవీ ఉన్నాయి. జెఫిరస్ అనే జాతి మీద లెస్ గ్రీన్‌బర్గ్ చేసిన ప్రయోగం 1979లో వచ్చింది. ఆ గూటి వాకిట్లో కాపలా కాసే తేనెటీగ, వచ్చినదానితో తనకున్న చుట్టరికం ఎంత దగ్గరిదైతే అంత ఎక్కువగా లోపలికి రానిచ్చింది. ముందెప్పుడూ చూడకపోయినా వాసనను బట్టే పోల్చుకుంది. ఇంత సున్నితమైన విషయం మనకు తెలిసింది ఎలా? ఆ పని చేసినవాళ్లకు తమ ముందున్నది ఏ జాతో కచ్చితంగా తెలుసు కాబట్టి. పేరు తప్పయితే ఈ కథ వేరే ప్రాణికి అంటుకుంటుంది.

యాప్‌ల మీద నా ఫిర్యాదు ఇంకొకటి ఉంది. అవి పనికిరానివి అనను. ఇది హాలిక్టిడే కావచ్చు అని దారి చూపిస్తే మంచిదే. కానీ అవి నేర్చుకునేది మనం పేర్లు పెట్టిన ఫొటోల నుంచే. ఎక్కువ ఫొటోలున్న జాతి పేరే దానికి బాగా తెలుసు. ఫొటోలే లేని జాతి దాని దృష్టిలో లేనట్టే. అందుకని అరుదైన దాన్ని కూడా తీసుకెళ్లి బాగా తెలిసిన పేరులో పడేస్తుంది. మనం సరే అని ఒక్క నొక్కు నొక్కుతాం. ఆ తప్పు ఫొటో మళ్లీ దానికి పాఠమవుతుంది, మ్యాపులో చుక్క అవుతుంది. రేపు ఎవరో ఆ మ్యాపు చూసి "ఈ జాతి బాగానే ఉంది, దిగులు లేదు" అనుకుంటారు. అక్కడ అది ఎప్పుడో కనుమరుగైపోయి ఉండొచ్చు.

తేనెటీగల్ని చంపి, సూదికి గుచ్చి దాచడం గురించి కూడా అడుగుతారు. నాకూ ఇష్టమైన పని కాదు. అయినా పక్కన పెట్టలేని మాట ఒకటుంది. పేరు నిలబడేది భద్రపరిచిన ప్రాణి మీదే. ఎప్పుడు, ఎక్కడ, ఏ పువ్వు మీద దొరికిందో రాసిన చీటీతో అది పెట్టెలో ఉంటే, 50 ఏళ్ల తర్వాత ఒకరు తీసి తప్పు దిద్దగలరు. టెగ్యులారే చిక్కు విడిపోయింది అలా దాచినవాటి వల్లే. డీఎన్ఏ బార్‌కోడ్ అని సుమారు 650 అక్షరాల ముక్కను చదివే పద్ధతి ఉంది, కాలు ఒక్కటి చాలు. అదీ కొన్ని దగ్గరి జాతుల మధ్య గీత గీయలేదు. అందరూ వల పట్టుకుని బయల్దేరమని నేను అనను. చదువుకుంటున్నవాళ్లు, అనుమతి ఉన్నవాళ్లు, లెక్కతో తీసుకుంటే చాలు. మిగతావాళ్లకు ఫొటో చాలు, కాకపోతే ఒకటి కాదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి రెక్క విప్పినట్టు ఒకటి, మొహం ఎదురుగా ఒకటి. పక్కన కొలతకు ఏదైనా ఉంటే ఇంకా మంచిది.

ఫొటో పెట్టినావిడకు ఇదే విడిగా రాశాను. కోపం వస్తుందేమోనని టెన్షన్ పడుతూనే పంపాను. మర్నాడు ఆవిడ అదే మొక్క దగ్గర కూర్చుని తీసిన నాలుగు ఫొటోలు పంపింది. మొదటి ఫొటోలోని తేనెటీగేనో, ఇంకోటో చెప్పలేం. ఒక దాంట్లో రెక్క ఎండకు మెరిసి ఈనెలు తేటగా పడ్డాయి, విల్లు వంపుతో సహా. పొట్ట మీద వెంట్రుకలు ఖండం మొదట్లోనే ఉన్నాయి. మొహం ఫొటోలో మీసాలు పొడుగ్గా కనిపిస్తే ఖండాలు లెక్కపెట్టమన్నాను. ఆడదానికి 12 ఉంటాయి, మగదానికి 13. ఆవిడ ఫొటో పెద్దది చేసుకుని మూడుసార్లు లెక్కపెట్టిందట. 13 ఉన్నాయి.

తన పోస్టులో పేరు మార్చింది: "లాసియోగ్లాసమ్, మగది. జాతి ఇంకా తేలలేదు." కాసేపటికి నాకు ఇంకో మెసేజ్ వచ్చింది. "మగవాటికి గూడు ఉండదని ఎక్కడో చదివానండీ, మరి రాత్రిపూట ఎక్కడ పడుకుంటాయి?" కొమ్మల్నీ పువ్వుల్నీ పట్టుకుని నిద్రపోతుంటాయి, చీకటి పడబోయే ముందు అదే మొక్క దగ్గరికి మళ్లీ వెళ్లి చూడండి అన్నాను. టార్చ్ పట్టుకుని వెళ్తానంది.