ట్రూపు వదిలితేనే దొరికే గొంతు

గోదావరి జిల్లాల్లో తీర్థం అంటే రాత్రికి ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. మొన్న అమలాపురం దగ్గర ఓ ఊరి తీర్థంలో ఫ్లెక్సీ చూశాను. టీవీ పాటల పోటీకి వెళ్లొచ్చిన కుర్రాడి బొమ్మ నిలువెత్తున ఉంది, పేరు కింద ‘టీవీ ఫేం’ అని. ఆరేళ్లపాటు అతణ్ని ఊరూరా తిప్పి పాడించిన ట్రూపు పేరేమో సౌండ్ సిస్టం వాళ్ల ఫోన్ నంబరు పక్కన చిన్న అక్షరాల్లో పడింది. ‘ఎదిగాక మమ్మల్ని వదిలేశాడు’ అని ట్రూపు వాళ్ల బాధ. న్యాయమైన బాధే. కానీ వెళ్లడమే ద్రోహమంటే మాత్రం నేను ఒప్పుకోను.

ట్రూపు బతికేది పాట కోరుతూ జనం పంపే చీటీల మీద. కింద నుంచి వచ్చే ప్రతి చీటీలోనూ ఎవరో ఒకరి పాట ఉంటుంది. ఘంటసాల పాట ఘంటసాలలాగే రావాలి, బాలు పాట బాలులాగే ఉండాలి. ఎంత బాగా పాడితే అంత ‘జూనియర్’ అవుతాడు. సొంత గొంతు వినిపించాలంటే ఆ స్టేజీ దిగక తప్పదు.

అమెరికాలో మైకేల్ జాక్సన్‌దీ ఇదే ఇబ్బంది. అన్నదమ్ముల బృందం జాక్సన్ ఫైవ్ మోటౌన్ రికార్డు కంపెనీలో విడుదల చేసిన తొలి నాలుగు సింగిల్స్ (విడిగా వచ్చే పాటల రికార్డులు) 1970లో వరసగా అక్కడి పాటల చార్టులో మొదటి స్థానానికి చేరాయి. అయినా పాటలు రాసేది కంపెనీ మనుషులే. సొంత పాటలు రాసుకునే స్వేచ్ఛ కోసం కూడా 1975లో వాళ్లు ఆ కంపెనీ వదిలారు. ప్రపంచమంతా ఊగిపోయిన మైకేల్ ఆ తర్వాతవాడు.

మన పాలకొల్లులో అయితే ఏకంగా వాద్యమే బృందాన్ని వదిలి బయటికొచ్చింది. సినిమా పాటల్లో ఎక్కడో రెండు బిట్లు మోగి ఊరుకునే మాండలిన్‌ను 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక కచేరీ నడిమధ్యకు తెచ్చి కూర్చోబెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీద పలికించేవాడు. అంతటి మేధావి చెవినీ తయారుచేసింది పక్కనున్న మరో మనిషి గొంతే.

ఆ చెవి ట్రూపులోనే తయారవుతుంది. ఆ రాత్రి మొదటి పాటలో పైస్థాయి దగ్గర కుర్రాడి గొంతు నలిగింది. కీబోర్డు ఆయన తల ఎత్తలేదు. రెండో పాటకు ముందు ట్రాన్స్‌పోజ్ మీట రెండుసార్లు నొక్కి శ్రుతి దించాడు. జనం గమనించలేదు. కుర్రాడు మాత్రం వెనక్కి తిరిగి తలూపాడు. ఆ కీబోర్డు ఆయన పేరు ఫ్లెక్సీ మీద లేదు. లక్షలు ఖర్చుపెట్టే తీర్థం కమిటీలకు నలుగురు వాద్యగాళ్ల పేర్లు వేయించడం బరువా? ‘టీవీ ఫేం’ మైకు పట్టుకోగానే ముందు ఆ నాలుగు పేర్లూ చెప్పాలి. అది అతని బాకీ.

ఒకరు వెళ్తే బృందం మూగబోతుందన్న భయమూ అక్కర్లేదు. 1975లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జెనెసిస్‌ను దాని ప్రధాన గాయకుడు పీటర్ గేబ్రియల్ వదిలాడు. కొత్త గాయకుడి కోసం ఎందరినో పరీక్షించి, చివరికి తమ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌తోనే పాడించారు. తర్వాత ఇద్దరూ ఎవరికి వారే పెద్ద పేరు తెచ్చుకున్నారు.

పదకొండింటికి కుర్రాడి కారు వెళ్లిపోయింది. చీటీలు ఇంకా వస్తూనే ఉన్నాయి. రిథమ్ ప్యాడ్ వాయించే అబ్బాయి మైకు తన వైపు వంచుకుని, పుల్లలు ఆపకుండానే పల్లవి ఎత్తుకున్నాడు. కీబోర్డు ఆయన ఒక్క క్షణం విని, మీట మీద వేలు పెట్టాడు.