కెంటకీ ఒక్కటే కాదు

అమెరికా విస్కీ అయిన బోర్బన్ మీద మీ వ్యాసం ఆసక్తిగా చదివించింది. కానీ ‘కెంటకీలో తయారైతేనే బోర్బన్’ అన్న మాట సరికాదు. ఆ ఒక్క రాష్ట్రమే కాదు, అమెరికాలో ఎక్కడ కాచినా బోర్బనే. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలి గోడలు బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపాలో పెట్టాలి. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు. అందుకే అవి సముద్రం దాటి స్కాట్లాండ్‌లో స్కాచ్ విస్కీ చేసేవాళ్లకు చేరతాయి!

అమెరికా బయట ఉన్నవాళ్లకు మంచి సరుకు అందదని నేనూ చాలాకాలం బెంగపెట్టుకున్నాను. తీరా చూస్తే, కెంటకీ సంస్థ ఫోర్ రోజెస్ వారి స్ట్రెయిట్ బోర్బన్ (కనీసం రెండేళ్లు పీపాలో ఉంచినది) దశాబ్దాల పాటు జపాన్, ఐరోపాలకే దక్కింది. 2002లో జపాన్‌కు చెందిన పానీయాల సంస్థ కిరిన్ చేతికి వెళ్లాకే సొంతగడ్డపై మళ్లీ కనిపించింది.

కొత్తవాళ్లు అరుదైన సీసాల వెంట పడకుండా, లేబుల్ మీద ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అని ఉందేమో చూడండి. 1897 నాటి చట్టం అది: ఒకే డిస్టిలరీలో (విస్కీ కాచే చోటు), ఒకే సీజన్‌లో కాచినది, కనీసం నాలుగేళ్లు పీపాలో, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్.

మీరు సిఫారసు చేసిన గ్లాసు నిండా ఐసు మాత్రం నాకు నచ్చలేదు. చల్లదనానికి వాసన ముడుచుకుపోతుంది. నాలుగు చుక్కల నీళ్లు వేసి కాసేపు ఆగండి, ఘాటు తగ్గి వెనిల్లా పైకి తేలుతుంది. రాత్రి కడగకుండా వదిలేసిన గ్లాసును పొద్దున వాసన చూడండి, అచ్చంగా కాలిన కర్రే.