టిక్కు మార్కు గారికి ఒక విన్నపం

శ్రీయుత టిక్కు మార్కు గారికి,

నమస్కారాలు. తమరు కులాసాగానే ఉంటారు, అడగక్కర్లేదు. నిన్న మధ్యాహ్నం రెండు గంటలసేపు తమరినే చూస్తూ కూర్చున్నాను. ఒక పిల్లాడికి రోజూ చదివించే ప్రణాళిక అమలైనట్టు గుర్తు పెట్టే కాగితంలో 32 గళ్లు, అన్నింట్లోనూ తమరే. ఒకే పెన్ను, ఒకే వాలు, చివర అదే చిన్న తోక. ఎనిమిది వారాలపాటు రోజుకొకటి చొప్పున పుట్టినవాళ్లు ఇంత కవలల్లా ఎలా ఉన్నారా అనుకున్నాను. ఒకరోజు ఆ పిల్లాడు జ్వరంతో బడికే రాలేదని హాజరు పట్టీ చెబుతోంది. ఆ రోజూ తమరు వచ్చారు.

ఆ ప్రణాళిక రాసింది నేనే. చదవడంలో తడబడే ముగ్గురు పిల్లలు, వారానికి నాలుగు రోజులు, రోజుకి 20 నిమిషాలు. పైకి చదివించాలి, తప్పు పోయిన మాట అక్కడికక్కడే సరిదిద్ది ఆ వాక్యం మళ్లీ చదివించాలి, నోట్‌బుక్‌లో రోజుకో పేజీ రాయించాలి. బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే ఆ సరిదిద్దడం ఒక్కటి వదిలేస్తే, పిల్లలు రోజూ తమ తప్పుల్నే వల్లె వేస్తారు.

ఆ ముగ్గురిలో ఒకడైన ఈ పిల్లాడి గురించి నిన్న బడి సమావేశంలో ఏం తేల్చారో తమరికి తెలుసు. 'ఈ పద్ధతి వాడికి పనిచేయలేదు, లోపం వాడిలోనే ఉందేమో.' అందరూ తలూపారు. నేనూ సగం ఊపాను. అప్పుడు వాడి నోట్‌బుక్ తెరిచాను. ఏడు పేజీలు. మాటల కార్డుల డబ్బా అడిగితే బీరువాలోంచి తెచ్చారు. పైన ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు.

32 టిక్కులు, 7 పేజీలు. మందు సీసా మూత తీయకుండానే రోగం మొండిదని రాసేశామండీ! అదీ ఎవరి పేరు మీద? ఎనిమిదేళ్ల పిల్లాడి పేరు మీద. వచ్చే ఏడు కొత్త టీచరు వాడి మొహం కన్నా ముందు ఆ కాగితమే చూస్తారు. చేయని పని ఫలించలేదని చెప్పడానికి మనకి సిగ్గుండాలి. మర్యాదగా రాద్దామనే మొదలుపెట్టాను, నా వల్ల కావడం లేదు.

తమరి ఘనత ఇవాళ్టిది కాదు. 1998లో విక్‌స్ట్రమ్ పరిశోధక బృందం, ఇలాంటి ప్రణాళిక ప్రకారం టీచర్లు తాము చేశామని చెప్పుకున్నదాన్ని, తరగతిలో కూర్చుని చూసినదాన్ని పక్కపక్కన పెట్టింది. చెప్పుకున్నది 54 శాతం, కంటికి కనబడింది 4 శాతం. అంతకుముందు ఏడాదే విట్, నోయెల్ బృందం ఇంకోటి చూపించింది. శిక్షణ అవగానే చక్కగా చేసిన టీచర్లు కొద్దిరోజులకే జారిపోయారు. రోజూ ఎవరో ఒకరు వచ్చి, నిన్నటి కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడితే మళ్లీ పుంజుకున్నారు.

మరి ఇక్కడ రోజూ ఎవరొచ్చారు? ఎనిమిది వారాల్లో నేను వెళ్లింది ఒక్కసారి, అదీ ముందురోజు ఫోన్ చేసి. ఆ టిక్కులు పెట్టిన టీచరుని తిట్టబుద్ధి కాలేదు. ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ 20 నిమిషాలు మిగతా ముప్ఫై మందిని ఎవరు చూడాలో నా ప్రణాళికలో ఒక్క ముక్క లేదు. తమరు కూర్చోవడానికి గళ్లు మాత్రం స్కేలు పెట్టి మరీ గీశాను.

సమావేశం అయ్యాక డబ్బా చింపి వాడితో కూర్చున్నాను. 'పలక' చూసి 'పకల' అన్నాడు. వేలు పెట్టి ఆపాను. మళ్లీ చూసి, పెదాలు కదిపి, 'పలక' అన్నాడు. తర్వాతి కార్డు వాడే లాక్కున్నాడు. ఇంతలో గంట కొట్టేశారు.

కొత్త కాగితంలో తమరి గడి తీసేశాను. ఆ చోట 'ఎన్ని నిమిషాలు' అని ఉంది. నిన్నటికి 11 అని రాశాను. మన్నించాలి.

ఇట్లు,
గళ్లు గీసిన మనిషి