ఒక్క గీత సిగ్నల్ కోసం

"క్లీనింగ్ పని దయచేసి అధికారులకి వదిలేయండి." ఈ టైపు మాట ఎప్పుడు విన్నా నాకు ఒళ్ళు మండుద్ది, కానీ 2020 ఆగస్టులో, తీరంలో ఓడ నూనె కారితే ఎత్తడానికి దిగిన జనంతో మారిషస్ సర్కారు అన్నంత నిబ్బరంగా ఇంకెవరూ అనుండరు.

వాకషియో అని 300 మీటర్ల జపాన్ ఓడ, చైనా నుంచి బ్రెజిల్ పోతోంది, సరుకేం లేదు, ట్యాంకుల్లో ఇంధనం మాత్రం 4 వేల టన్నుల దాకా ఉంది. మారిషస్ తీరానికి 22 నాటికల్ మైళ్ళ దూరంలో పోవాల్సినదాన్ని 5కి జరిపారు, జులై 25న అదీ చాల్లేదని 2 మైళ్ళకి రాబోయారు. ఎందుకయ్యా అంటే ఫోన్ సిగ్నల్ కోసం! నవ్వకండి, ఓడని తిప్పిన కంపెనీయే రిపోర్టులో రాసుకుంది. మనమైతే డాబా ఎక్కి, వాటర్ ట్యాంక్ పక్కన ఒంటికాలి మీద నిలబడి, ఫోన్ పైకెత్తి "ఆఁ ఇప్పుడు వినపడుతోందా" అని అరుస్తాం, వీళ్ళు ఏకంగా ఓడనే పట్టుకెళ్ళారు. నాకైతే ఆ సీను కళ్ళకి కట్టినట్టుంది, "అన్నా ఒక గీతొచ్చింది, ఇంకాస్త పోనీయ్", "రెండు గీతలన్నా, ఇంకాస్త", "ఆఁ ఫుల్లు ఫుల్లు, ఇక కదపకు"... కదుపుదామన్నా కదిలితే కదా, పగడపు దిబ్బ మీద కూర్చుండిపోయింది. వాళ్ళ దగ్గరున్న చార్టు, అంటే సముద్రపు మ్యాపు కూడా అంత ఒడ్డు దగ్గరకి పనికొచ్చేది కాదట. పోన్లెండి, సిగ్నలొస్తే మ్యాప్ ఫోన్లోనే చూసుకోవచ్చనుకున్నారేమో.

ఆ తర్వాత 12 రోజులు ఓడ అక్కడే. ఆగస్టు 6న ట్యాంకుల్లోని ఇంధన నూనె కారడం మొదలై వెయ్యి టన్నులు సముద్రంలోకి పోయింది. ఏడాదంతా కష్టపడితే సెంటీమీటరు పెరిగే పగడాలుంటాయక్కడ, పక్కనే బ్లూ బే మెరైన్ పార్కు.

అప్పుడు దిగారు జనం. ఆ పక్కనున్న మాహేబూర్ అనే ఊరి ఒడ్డున కూర్చుని గుడ్డ సంచుల్లో ఎండు చెరకాకు కుక్కి, తాళ్ళతో కుట్టి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్ళు కట్టి, పొడుగాటి అడ్డుకట్టలు చేసి పడవల్తో లాక్కెళ్ళారు. జుట్టు నూనెని పట్టుకుంటుందని తెలిసి జుట్టు కత్తిరించి ఇచ్చారు, తిరపతిలో మనమిచ్చే తలనీలాల్లాగ, కాకపోతే వీళ్ళకి మొక్కేం లేదు. ఒకప్పుడు కోరింగ రేవులో ఓడెక్కి అక్కడ చెరకు కొట్టడానికెళ్ళిన మనవాళ్ళ మునిమనవలు ఈరోజుకీ ఆ దేశంలో ఉన్నారు, ఉగాదికి అక్కడ సర్కారీ సెలవు కూడా, ఆ ఒడ్డున చెరకాకు కుక్కిన చేతుల్లో వాళ్ళవీ ఉండే ఉంటాయి. మోచేతుల దాకా నల్లటి జిగురు.

సరిగ్గా వీళ్ళకి చెప్పారు, అధికారులకి వదిలేయండని. ఏ అధికారులకయ్యా? 12 రోజులు వదిలేసే కదా చూశారు వాళ్ళు! 300 మీటర్ల ఓడ కళ్ళముందు కూర్చుని ఉంటే కారేదాకా మీకు తీరిక దొరకలేదు, చెరకాకు సంచులు కుట్టే ముసలమ్మ మాత్రం మీకు అడ్డమొచ్చిందా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనకో సామెతుంది, ఇక్కడ చేతులు కాల్చింది ఒకళ్ళు, ఆకులు పట్టుకుంది ఇంకొకళ్ళు, ఆ ఆకులు కూడా కింద పెట్టెయ్యమని ఆర్డరు. సిగ్గుండాలి.

జనం వినలేదు, కుడుతూనే ఉన్నారు. ఆ నెలాఖరుకి వేలాదిమంది నిరసనగా రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లోకొచ్చారు కూడా.

ఈలోగా ఓడ రెండు ముక్కలైంది. ముందు ముక్కని నడిసముద్రంలోకి లాక్కెళ్ళి, ఆగస్టు 24న అక్కడే ముంచేశారు. ఆ పనికి మాత్రం వాలంటీర్లెవరూ అడ్డం రాలేదు, పూర్తిగా అధికారులకే వదిలేశారు.