కింది గీతకు పైన, పై గీతకు కింద

మహారాజశ్రీ ఎలక్ట్రిక్ సూప్ మేకర్ గారికి, తిరుపతి బైరాగిపట్టెడ నుంచి నమస్కరించి రాసుకున్నది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మూతలోకి తడి చేరకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మనది నాలుగు రోజుల పరిచయమే. మిద్దె మీద వాళ్ళ కొడుకు లండన్ నుంచి వస్తూ మిమ్మల్ని తెచ్చినాడు. వాళ్ళేమో పౌర్ణమికి తిరువణ్ణామలై, అట్నుంచే రామేశ్వరం అని బయల్దేరుతూ, "మీరూ ఒకటి తీసుకోవాలంటా ఉండారు కదన్నా, నాలుగు దినాలు వాడి చూడండి" అని మిమ్మల్ని మా వంటింట్లో దించి పోయినారు. తీసుకోవాలన్నది నేను కాదు, బెంగుళూరులో ఉండే మా పాప. "రాత్రిపూట అన్నం మానెయ్ నాన్నా, సూపు తాగు. డబ్బులు నేనేస్తా, మంచిది చూసి తీసుకో" అని హుకుం. ఆ 'మంచిది చూసి' దగ్గరే మూడు వారాలుగా ఆగిపోయి ఉన్నాను.

గాంధీ రోడ్డులో ఒక అంగడికి పోయి మీ పేరు చెబితే, పిల్లోడు కెటిల్ తీసి బల్ల మీద పెట్టినాడు. "ఇది కెటిల్ కదప్పా" అంటే, "దీంట్లోనే ప్యాకెట్టు పొడి కలుపుకోండి సార్, అదే సూపు" అన్నాడు. పక్క అంగట్లో మిక్సీ చూపించినారు. వాళ్ళ తప్పు కూడా లేదు. మీ పుట్టుకే అట్టాంటిది. అడుగున కాలే ప్లేటు, మూతలో మోటారు, మూత నుంచి కిందికి వేలాడే కడ్డీ, దాని చివర బ్లేడు. కెటిల్ మీద మిక్సీని తలకిందులుగా బోర్లించినట్టు ఉంటారు.

మొదటి రాత్రి నాలుగు టమోటాలు, ఒక క్యారెట్, ఒక ఉల్లిపాయ, మీ పుస్తకంలో చెప్పినట్టే రెండేసి సెంటీమీటర్ల ముక్కలు కోసి వేసినాను. రెండు గ్లాసుల నీళ్ళు పోసినాను. లండన్ ప్లగ్గు మా గోడకు పట్టకపోతే అడాప్టరు వెతికి పెట్టినాను. అప్పుడు కనపడింది, తమరి లోపలి గోడ మీద గీత. కాదు, రెండు గీతలు. కింది గీత 1.3 లీటర్లు. పై గీత 1.6 లీటర్లు.

అయ్యా, నేను ముప్పై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. మధ్యలో మాకు మిగిలిన స్వేచ్ఛ 300 మిల్లీలీటర్లు. అదైనా నీళ్ళొక్కటే కాదు, కూరగాయలూ నీళ్ళూ అన్నీ కలిపి కింది గీత దాటాలి. తక్కువైతే బ్లేడు మునగక చిందుతుంది, ఎక్కువైతే పొంగి మూతలోకి ఎక్కుతుంది. న్యాయమే. కానీ అట్ట డబ్బా మీద పెద్ద అక్షరాల్లో '1.6' అని వేసి, ఆ 1.3ను లోపల గోడకు చెక్కడం ఏం మర్యాద? కొనేవాడికి ఎంత పడుతుందో చెప్పినారు, ఎంతకు తక్కువైతే మీరు పలకరో చెప్పలేదు.

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అమ్మ. కింది గీత అంటే ఆరున్నర గ్లాసులు. ఇంకో నాలుగు టమోటాలు కోసి, నీళ్ళు పోసి గీత దాటించి, 21 నిమిషాలు కూర్చున్నాను. చివర్లో తమరు గుర్రుమని తిరిగినప్పుడు మా అమ్మ హాల్లోంచి లేచి వచ్చింది. రవ్వంత నోట్లో పోసుకుని నా నుదురు తాకి చూసి, "ఎవురికి నాయనా ఒళ్ళు బాగలేంది?" అని అడిగింది.

మిగిలిన నాలుగు గ్లాసులూ ఫ్రిజ్‌లోకి పోయినాయి. పొద్దున పాలబ్బాయికి ఒక గ్లాసు ఇచ్చినాము. మర్నాటి నుంచి ఆ అబ్బాయి పిలవకుండా ప్యాకెట్లు గేటుకు తగిలించి పోతున్నాడు.

మీకు కింది గీత ఉండేది మనుషులు తక్కువైన ఇంటిని ఏడిపించడానికే అనుకున్నాను. మూడో రోజు చుట్టాలు వచ్చినారు. తిరుపతిలో ఇల్లుండేవాళ్ళ సంగతి మీకు తెలియదు. 300 రూపాయల దర్శనం టికెట్టు నెలల ముందే తీసుకుంటారు, మాకు మాత్రం రేణిగుంట దాటినాక ఫోన్ చేస్తారు. తొమ్మిది మంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, గుండ్లతో, లడ్డు కవర్లతో దిగినారు. "సూపు మిషన్ అంట కదా మామా, చూపించు" అన్నారు. పై గీత దాకా నింపినా పన్నెండు మందికి తలా 130 మిల్లీలీటర్లు. చేయి చాపితే ఉద్ధరిణితో తీర్థం పోసినట్టే. రెండో విడత పెడదామంటే తమరిని కడగాల, మళ్ళా 21 నిమిషాలు. అప్పటికి సగం మంది చాప మీద గురకలు.

ఇద్దరు ముగ్గురుండే ఇంటికి మీరు ఎక్కువ, చుట్టాలొస్తే తక్కువ. సరిగ్గా నలుగురుండి, నలుగురూ రెండేసి గ్లాసులు తాగే ఇల్లు ఏదో ఒకటి చూసి మిమ్మల్ని తయారు చేసినట్టున్నారు. ఆ ఇల్లు మా వీధిలో లేదు.

మంచి కూడా చెప్పాల. వేడి వేడి టమోటా మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరి గోడంతా ఎర్రగా అయిన రోజు మా ఇంట్లో ఉంది. మీ దగ్గర ఆ భయం లేదు, మూత సరిగా కూర్చోకపోతే మీరు కదలను కూడా కదలరు. కరెంటూ పెద్దగా తినరు. వెయ్యి వాట్లే గదా, ఒక విడతకు యూనిట్‌లో సగం కూడా దాటదు.

కడిగే దగ్గరే తమరు రాజావారు. మూతలో మోటారు ఉంది కాబట్టి కొళాయి కింద పెట్టకూడదు. పాలు ముందే పోస్తే అడుగంటుతాయి, చివర్లోనే పోయాల. బంగాళాదుంప ఎక్కువైనా అడుగు పడుతుంది. పీచు పెట్టి రుద్దుతుంటే బ్లేడు ఎదురుగా ఉంటుంది. ఉల్లిపాయ వేయించే బుద్ధి కూడా మీకు లేదు. వేయించేవాళ్ళు మీ వంశంలో ఉన్నారని, లీటరుకు సరిపెట్టుకునే చిన్నవాళ్ళూ ఉన్నారని మా పాప చెప్పింది. కొంటే వాళ్ళనే కొంటాను. అది కూడా కింది గీత ఎంతో మూత తీసి చూసినాకే.

ఇంకో మాట. మీ ఇంగ్లీషువాళ్ళు గొప్పగా తాగే ముల్లిగటానీ సూపు అరవంలో 'మిళగు తణ్ణి', అంటే మిరియాల నీళ్ళు. మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు ఇక్కడి రసాన్నే పేరు తిప్పి పట్టుకుపోయినారు. 2022లో మా తిరుపతిని చిత్తూరు నుంచి విడదీసి వేరే జిల్లా చేసినారు గానీ, రసాన్ని రెండు జిల్లాల్లో ఎక్కడా అన్నం నుంచి విడదీయలేదు.

నిన్న మిద్దె మీద వాళ్ళు వచ్చినారు. మిమ్మల్ని తుడిచి పైకి తీసుకుపోబోతుంటే మా ఆవిడ ఆపింది. "ఒకరి గిన్నె ఖాళీగా ఇస్తారా ఎవరైనా?" అని, గ్యాసు మీద కాగుతున్న మిరియాల చారులో ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు వేసి, తెచ్చి మీలో పోసింది. మెట్ల మీద ఒకసారి ఆగి మూత తీసి చూసినాను. చారు సరిగ్గా కింది గీత దగ్గర ఉంది.

ఇట్లు,
కింది ఇంటివాడు